‘నాకు తెలుసు’: మోర్మన్ సాక్ష్యంలో కథనం, ప్రకటన

తెలుగులో స్వీయకథనాన్ని గురించిన చర్చ ప్రధానంగా అచ్చయిన ఆత్మకథల చుట్టూ సాగింది. ఆదివారం ఆరాధనలో ఒక సామాన్య విశ్వాసి లేచి నిలబడి చెప్పే ‘సాక్ష్యం’ మన విమర్శ దృష్టికి అరుదుగానే వచ్చింది. అది మతప్రచారంలో భాగమన్న సంకోచం ఇందుకు కారణం కావచ్చు. అయితే చదువుకు దూరమైన ఎందరో స్త్రీలకు, ముఖ్యంగా దళిత క్రైస్తవ స్త్రీలకు, పదిమంది ముందు ‘నేను’ అంటూ బతుకును చెప్పుకొనే చోటు ఇచ్చిన ప్రక్రియ ఇది. సాక్ష్యాన్ని ఆరాధనలో నియతభాగం చేసుకొన్న మోర్మన్ సంఘపు పద్ధతిని, గొలుగొండ ప్రాంతపు పల్లె చర్చిలలో వినిపించే సాక్ష్యాన్ని పక్కపక్కన ఉంచి చూడటం ఈ వ్యాసోద్దేశం.

1830లో అమెరికాలో జోసెఫ్ స్మిత్ స్థాపించిన ఈ సంఘం తెలుగువారి మధ్యకు బంధుత్వం దారిన వచ్చింది. సమోవాలో ఉండగా ఈ విశ్వాసాన్ని స్వీకరించిన ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు 1978 డిసెంబరులో హైదరాబాదు వచ్చారు. ఆ రాక ఫలితంగా 22 మంది బాప్తిస్మం పొందారు. ఎల్సీ తండ్రి, బాప్టిస్టు బోధకులు రెవరెండ్ పి. శ్రీనివాసం మోర్మన్ గ్రంథాన్ని తెలుగులోకి అనువదించారు. కొత్త గ్రంథం పాత చర్చి తెలుగు తెలిసిన చేతిమీదుగా రావడం భాషాపరంగా చిన్న విషయం కాదు. 2012 మే 27న దేశంలో మొదటి ‘స్టేకు’, అంటే కొన్ని స్థానిక సంఘాల సముదాయం, హైదరాబాదులోనే ఏర్పడింది.

సాధారణంగా నెలలో మొదటి ఆదివారం వీరికి ఉపవాస దినం. రెండు పూటల భోజనం మాని, ఆ మేరకు సొమ్మును పేదల కోసం ఇస్తారు. రొట్టె, నీరు పుచ్చుకొన్న తరువాత వేదిక సభ్యులదవుతుంది. స్థానిక సంఘంలో జీతం పుచ్చుకొనే పాదిరి ఉండడు. ముందుగా నిర్ణయించిన వక్తలూ ఉండరు. లేచినవారు సంఘం సత్యమైనదని, మోర్మన్ గ్రంథం దేవుని వాక్యమని, జోసెఫ్ స్మిత్ ప్రవక్త అని తమకు ‘తెలుసు’నని చెప్పి, యేసుక్రీస్తు నామమున ముగిస్తారు. ఈ ముగింపు శతకంలో మకుటం చేసే పనే చేస్తుంది. మాట ఎక్కడ తిరిగినా చివరకు అక్కడికే చేరాలి.

ఇక్కడొక నియమం ఉంది. పన్నెండుగురు అపొస్తలుల కూటమి సభ్యులుగా డాలిన్ హెచ్. ఓక్స్ 2008 ఏప్రిల్ మహాసభలో చేసిన ప్రసంగం ప్రకారం సాక్ష్యమంటే ప్రయాణ వృత్తాంతం కాదు, ఆరోగ్య నివేదిక కాదు, కుటుంబ సభ్యుల మీద ప్రేమను వెల్లడించడం కాదు, ప్రసంగమూ కాదు. నాలుగేళ్ల తరువాత హైదరాబాదు స్టేకును ఏర్పాటు చేసినవారూ ఆయనే.

గొలుగొండ వైపు పల్లెలలో ఈ నిషేధాలన్నీ పాటిస్తే సాక్ష్యంలో మిగిలేది బహు స్వల్పం. అక్కడ సాక్ష్యం జ్వరంతో మొదలవుతుంది. నర్సీపట్నం ఆసుపత్రి, అక్కడినుంచి విశాఖ కేజీహెచ్, బస్సు చార్జీలకు చేసిన అప్పు, తోడు వచ్చిన ఆడపడుచు, ఇవన్నీ వరుసగా వస్తాయి. అంటే ఆరోగ్య నివేదిక, ప్రయాణ వృత్తాంతం, కుటుంబం మీద ప్రేమ మూడూ ఒకే కథలో ఉంటాయి. పైగా ‘నయమైతే సంఘంలో సాక్ష్యం చెబుతాను’ అని ముందే మొక్కుకొని ఉంటారు. కనుక అక్కడ చెప్పడమే చెల్లింపు. వ్రతకథలోని ఆపద, సంకల్పం, ఫలం అనే క్రమం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. దీనిని అన్యమత శేషమని తోసిపుచ్చడం తొందరపాటు. ఉపకారం పొందినవారు దానిని నలుగురిలో చెప్పాలన్నది మతాలకు ముందున్న మర్యాద.

ఈ రెంటి భేదం వ్యాకరణంలోనూ పట్టుబడుతుంది. ‘నేనెరుగుదును’ అన్నప్పుడు ఎరుక కర్త చేసే పని. ‘నాకు తెలుసు’ అన్నప్పుడు ఎరుక, ఆకలివలె, జ్వరంవలె, మనిషికి కలిగేది. చర్చి తెలుగుకు మొదటి రూపం చిరపరిచితమైనా నోటిమాటలో రెండోదే నిలిచింది. వ్యక్తిగత ప్రత్యక్షతను నమ్మే మోర్మన్ బోధకు ఈ రెండో రూపం ఆంగ్ల మూలం కంటే బాగా అమరిందని నా అభిప్రాయం. ఆంగ్లంలో తెలుసుకొన్నవాడు ముందు నిలుస్తాడు. తెలుగులో అతడు ‘కు’ ప్రత్యయం చాటుకు తగ్గుతాడు.

అయితే మోర్మన్ సాక్ష్యంలో ‘తెలుసు’కు ముందు ‘అని’ ఉంటుంది. తెలిసినది ఒక ప్రతిపాదన కావాలి, అందరిదీ ఒకటే కావాలి. సమష్టి విశ్వాసానికి అది బలమే. కాని ఒకరి సాక్ష్యాన్ని మరొకరిదానినుంచి వేరుచేసే గుర్తులు అందులో కరిగిపోతాయి. విశాఖలో నేను విన్న మోర్మన్ సాక్ష్యాలలో మనసును పట్టినవి నియమం తప్పినవే. ఒక యువకుడు తండ్రి తాగుడు గురించి చెబుతూ చెబుతూ ఆగి, ఏదో గుర్తొచ్చినట్లు, సంఘం సత్యమైనదని గబగబా ముగించాడు. కథకూ ప్రకటనకూ మధ్య అతడు దాటిన ఆ ఖాళీలోనే సాక్ష్యమంతా ఉందనిపించింది.

గొలుగొండ దగ్గర ఒక వృద్ధురాలు ముగించిన తీరు వేరు. కోడలి కాన్పు, రక్తం దొరకని రాత్రి, తెల్లవారి వినిపించిన బిడ్డ ఏడుపు, అన్నీ చెప్పి, ‘ఎవరు బతికించారో నాకు తెలుసు’ అని కూర్చుంది. ఆమె వాక్యంలో ‘అని’ లేదు. ‘ఎవరో’ అని వదిలిన ఆ పేరును సంఘమంతా లోలోపల పూరించుకొంది.