మేరీ జేన్ నాటకమున వత్సలరసము

భరతముని వ్యాధిని ముప్పదిమూఁడు వ్యభిచారిభావములలో నొకటిగాఁ బరిగణించెను. వ్యభిచారి యనఁగా వచ్చిపోవునది. స్థాయిని బోషించి తాను మఱుఁగుపడునది. వచ్చి యెన్నఁడును బోని వ్యాధి నాటకమునకు వస్తువైనచో రసస్థితి యేమగును? అమెరికా రచయిత్రి ఏమీ హెర్జోగ్ రచించిన ‘మేరీ జేన్’ నాటకమును బరిశీలించువారికి మొదటఁ దోఁచు ప్రశ్న యిది. ఈ నాటకము 2017లో యేల్ రెపర్టరీ నాటకశాలయందును, ఆ యేఁటనే న్యూయార్కు నగరమునందును బ్రదర్శింపఁబడి, 2024లో బ్రాడ్వే రంగము నెక్కినది.

ఆంధ్రరంగమునకు మాతృశోకము క్రొత్త గాదు. బాపట్ల సీమలోని యిటికంపాడున 1881లో జన్మించిన బలిజేపల్లి లక్ష్మీకాంతకవి ‘హరిశ్చంద్ర’ నాటకపద్యములు చెరుకుపల్లి, రేపల్లె, తెనాలి ప్రాంతముల జనుల నోళ్లఁ దరతరములుగా నానినవి. బాపట్లవారైన స్థానం నరసింహారావు రంగప్రవేశము చేసినదియుఁ జంద్రమతి వేషముతోనే. ఆ కథలో లోహితాస్యుఁడు సర్పదష్టుఁడై గడియలో నొఱగును. తల్లి దుఃఖము శ్మశానమునఁ బరాకాష్ఠ నందును. తుదకు దైవానుగ్రహమున బాలుఁడు లేచును. ఆపదయు నాకస్మికము, తన్నివృత్తియు నాకస్మికము. ఈ రెంటి నడుమఁ గరుణము నిరాటంకముగాఁ బ్రవహించును.

మేరీ జేన్‌కు నీ రెండును లేవు. కుమారుఁడు అలెక్స్ గర్భమున నిరువదియైదు వారములకే పుట్టినవాఁడు. రెండేండ్లు దాఁటినను మాటలు రావు; యంత్రసాహాయ్యము లేక దినము గడవదు. భర్త విడిచిపోయెను. పూర్వార్ధము న్యూయార్కులోని యొక చిన్నయింటను, ఉత్తరార్ధము వైద్యశాలయందును నడచును. నాయిక గాక తక్కిన నలుగురు నటీమణులును రెండేసి పాత్రలు ధరింతురు. రంగమునఁ బురుషపాత్ర మాటాడుట లేదు. బాలుఁడును స్పష్టముగాఁ గనఁబడఁడు.

సాహిత్యదర్పణకారుఁడగు విశ్వనాథుఁడు వత్సలమును రసముగా నంగీకరించి, పుత్రాదుల నాలంబనముగాను, వారి చేష్టా విద్యా శౌర్యాదుల నుద్దీపనములుగాను, అనిష్టశంకను సంచారిగాను జెప్పెను. ఈ నాటకమున నాలంబనము తెరమఱుఁగున నున్నది. ఉద్దీపనములగు ముద్దుమాటలును దప్పటడుగులును లేవు. సంచారి కావలసిన యనిష్టశంక క్షణమైనను వదలదు. అయినను రసము నిలిచినది. ఏలయన, రచయిత్రి శోకమును వర్ణింపక పనిని జూపినది. మందుల వేళలు, రాత్రి దాది రాకకై యెదురుచూపు, కొలువు పోయినచో వైద్యబీమాయుఁ బోవునను వెఱపు, అట్టి బిడ్డనే కన్న వేఱొక తల్లికిఁ దాను నేర్చినదెల్ల నేర్పుట—ఇవియే యిందలి యనుభావములు. నాయిక తీవ్రముగాఁ గోపించునది యొక్కచోటనే. అదియు బిడ్డకు మాట యిచ్చిన సంగీతచికిత్స సకాలమున రానందులకు. మహాదుఃఖమున కల్పహేతువు ద్వారమగుట లోకస్వభావము. నాటకమునకు జీవగఱ్ఱ యీ ఘట్టమే.

దోషములు లేకపోలేదు. పూర్వార్ధమున వచ్చు పాత్రలలోఁ గొన్ని నాయిక సహనమును వెల్లడించుటకే వచ్చినట్లుండును. ఉత్తరార్ధమున యూదురాలగు నొక తల్లితోను, బౌద్ధసన్న్యాసినితోను జరుగు సంభాషణములు మతచర్చకుఁ జేరువయై క్రియను మందగింపఁజేయును. బిడ్డ గతి తెలియకయే తెర పడును గావున, పంచసంధుల నపేక్షించువారి కిది నిర్వహణసంధి లేని రూపకముగాఁ దోఁచును.

కాని యీ కడపటి యాక్షేపము నిలువదు. దీర్ఘవ్యాధికి నిర్వహణ మెక్కడిది? బాలుని స్వస్థునిఁ జేసినచోఁ గథ కల్ల యగును. మరణింపఁజేసినచోఁ దల్లి మేల్కొనియున్న రాత్రులన్నియు మరణమునకుఁ బీఠికలై తమ విలువను గోల్పోవును. అట్టి బిడ్డను స్వయముగాఁ బెంచిన రచయిత్రి యీ రెండు దారులను విడుచుట యనుభవము నేర్పిన యౌచిత్యము.

చంద్రమతికై కన్నీరు విడుచుట తెలుఁగు ప్రేక్షకున కలవాటు. బిడ్డ బ్రదికియుండఁగనే యేండ్లతరబడి నిదుర మానిన తల్లులు మన యిండ్లలోను గలరు. శ్మశానఘట్టము లేదను హేతువుచే వారి కథ నాటకమునకుఁ దగదనుట పొరపాటు. పోని వ్యాధి యెదుట నిలుకడగా నిలుచు వాత్సల్యమే స్థాయి యని యీ నాటకము నిరూపించినది. ఆంధ్రనాటకకర్త లిందు గ్రహింపఁదగిన దిదియే.