బమాకో కుర్రకారు ఫోటోగ్రాఫర్

1963లో మాలి దేశపు బమాకో నగరంలో క్రిస్మస్ రాత్రి తీసిన నలుపు తెలుపు ఫోటో ఇది. పేరు ‘న్వీ ద నొయెల్’. లేతరంగు సూటులో ఓ కుర్రాడు, చెప్పుల్లేని కాళ్లతో ఓ అమ్మాయి నాట్యం చేస్తున్నారు. ఇద్దరూ తోబుట్టువులు. తలలు తాకీ తాకనట్టున్నాయి. కెమెరా వంక ఎవరూ చూడటం లేదు, కళ్లు నాలుగూ కింద అడుగుల మీదే. నిజానికి ఫోటో అంతా ఆ చూపులోనే ఉంది. అడుగు తప్పకూడదన్న ఆ శ్రద్ధను పట్టుకోవాలంటే, తీసేవాడికీ ఆ లయ తెలిసుండాలి.

తీసినవాడు మలిక్ సిదిబే. మాలి దేశంలో సోలోబా అనే పల్లెలో, పశువుల కాపరుల ఇంట పుట్టాడు. బొమ్మలు బాగా వేస్తున్నాడని బమాకోలోని చేతివృత్తుల బడికి పంపితే నగల పని నేర్చాడు. 1955లో ఒక ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ దుకాణానికి అలంకరణ చేయడానికి వెళ్లి, అక్కడే శిష్యుడై ఉండిపోయాడు. 1960లో మాలికి స్వాతంత్ర్యం వచ్చింది. అటూ ఇటూగా ఆ రోజుల్లోనే బాగదాజీ పేటలో ‘స్టూడియో మలిక్’ వెలిసింది.

అతని పనితనం అర్థం కావాలంటే అతని వారాంతం చూడాలి. కుర్రకారు క్లబ్బులు కట్టుకుని రికార్డులు పెట్టుకుని నాట్యాలు చేసే కాలం అది. శనివారం రాత్రి చిన్న కెమెరా, ఫ్లాష్ పట్టుకుని ఒక విందు నుంచి ఇంకో విందుకు తిరిగేవాడు. తిరిగొచ్చి రాత్రంతా డార్క్‌రూమ్‌లో ఫిల్ము కడిగేవాడు. చిన్న చిన్న ప్రింట్లను అట్టల మీద అతికించి, నంబర్లు వేసి, స్టూడియో బయట పెట్టేవాడు. పిల్లలు గుంపులుగా వచ్చి తమను తాము వెతుక్కుని, నచ్చినవి అడిగి కొనుక్కునేవారు. ఎవరి మొహం వాళ్లకు నచ్చకపోతే ఆ రాత్రి శ్రమ దండగే. ఇంత కఠినమైన సంపాదకులు ఏ పత్రికకూ ఉండరు! అతని ఫోటోల్లో ఎవరూ చిన్నబోకపోవడానికి కారణం ఇదేనని నా నమ్మకం.

స్టూడియోలోనూ అంతే. మన పాత స్టూడియోల్లో ఊపిరి బిగబట్టించి నిటారుగా కూర్చోబెట్టేవారు. సిదిబే మాత్రం వచ్చినవాళ్లను కదలనిచ్చాడు. చారల తెర ముందు నిలబెట్టి చేతులెక్కడుండాలో, భుజం ఎటు తిరగాలో చూసుకునేవాడు. మోటారు సైకిలు మీద కుటుంబం మొత్తం ఎక్కి కూర్చున్నా ఫ్రేములో సరిపెట్టేవాడు. చారల బట్టలు చారల తెర ముందు చేరితే గందరగోళం కావలసింది, అతని దగ్గర అది అల్లికైంది. నగల పని చేసిన చెయ్యి కదా! తీరిక దొరికితే పాడైపోయిన కెమెరాలు బాగుచేస్తూ కూర్చునేవాడు.

1990ల దాకా బయటి ప్రపంచం అతన్ని పట్టించుకోలేదు. 1995లో పారిస్‌లోని కార్టియే ఫౌండేషన్ అతని ఫోటోల ప్రదర్శన పెట్టింది. 2003లో ఫోటోగ్రఫీకిచ్చే హాసెల్‌బ్లాడ్ బహుమతి, 2007లో వెనిస్ బినాలె కళా ప్రదర్శనలో జీవిత సాఫల్యానికి బంగారు సింహం వచ్చాయి. ఆ సింహాన్ని అందుకున్న మొదటి ఫోటోగ్రాఫరూ, మొదటి ఆఫ్రికావాడూ అతనే. 2016లో బమాకోలో కన్నుమూశాడు.

గ్యాలరీల్లో పెద్దవి చేసి వేలాడదీసిన ప్రింట్లు అందంగానే ఉంటాయి. నా ఓటు మాత్రం ఆ నంబర్లు వేసిన అట్టలకే. వీలైతే వాటి ఫోటోలు వెతికి చూడండి.