జాషువ కావ్యాల్లో వేదన, ప్రార్థన, శాంతి: ‘గబ్బిలం’, ‘క్రీస్తు చరిత్ర’ల పరిశీలన

ఉపోద్ఘాతం

ప్రార్థన వల్ల మనోవేదన ఉపశమిస్తుందన్న భావన భక్తి సాహిత్యమంతటా కనిపిస్తుంది. తెలుగు క్రైస్తవ సాహిత్యంలో పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనల నాటి నుంచి ఈ భావన బలంగా ఉంది. కలతచెందిన మనిషి దేవుని ఎదుట తన భారాన్ని దించుకుంటాడు, ఊరట పొందుతాడు. అయితే వేదనకు మూలం ఆ మనిషి మనసులో కాక అతని చుట్టూ ఉన్న సమాజంలో ఉంటే ప్రార్థన ఏ విధమైన శాంతిని ఇవ్వగలదు? ఆధునిక తెలుగు కవుల్లో ఈ ప్రశ్నను అనుభవపూర్వకంగా ఎదుర్కొన్నవాడు గుఱ్ఱం జాషువ (1895–1971).

జాషువను గురించిన పఠనం తరచుగా రెండు పాయలుగా సాగుతుంది. ‘గబ్బిలం’ అస్పృశ్యతపై ధిక్కార కావ్యంగా చర్చకు వస్తుంది. ‘క్రీస్తు చరిత్ర’ మత విషయక కావ్యంగా పక్కన నిలిచిపోతుంది. ఈ విభజన వల్ల రెండు కావ్యాలకూ నష్టం జరుగుతోంది. ధిక్కారంగా చదివే కావ్యంలో ప్రార్థన నిర్మాణ సూత్రంగా ఉంది. భక్తిగా చదివే కావ్యం వెనుక ధిక్కారం ఉంది. జాషువ దృష్టిలో ప్రార్థన అంటే బాధను నోరు తెరిచి చెప్పడం. ఆ మాట ఆలకింపబడినప్పుడే శాంతి. ఈ ప్రతిపాదనను రెండు కావ్యాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

వినుకొండ: రెండు నిరాకరణలు

జాషువ 1895 సెప్టెంబరు 28న వినుకొండలో జన్మించాడు. సీతాపహరణ వార్తను రాముడు విన్నచోటు కనుక ఆ కొండకు ఆ పేరు వచ్చిందని స్థలపురాణం. తండ్రి వీరయ్య యాదవుడు, తల్లి లింగమ్మ మాదిగ. కుటుంబం క్రైస్తవాన్ని స్వీకరించింది. ఆ ప్రాంతంలో క్రైస్తవ వ్యాప్తికి అప్పటికే బలమైన చరిత్ర ఉంది. లూథరన్ మిషనరీ హేయర్ 1842లో గుంటూరు చేరాడు. ఒంగోలు కేంద్రంగా అమెరికన్ బాప్టిస్టు మిషను పనిచేసింది. 1876–78 నాటి కరవు తరువాత, 1878 జులై 3న గుండ్లకమ్మ తీరాన వెల్లంపల్లి వద్ద ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. ఆకలి, అవమానం, విశ్వాసం ఒకదానితో ఒకటి పెనవేసుకున్న సామాజిక చరిత్ర ఇది. దీన్ని కేవలం ఆకలి కోసం జరిగిన మతమార్పిడిగా గానీ, కేవలం ఆత్మశాంతి కోసం జరిగిన అన్వేషణగా గానీ కుదించలేము.

ఈ చరిత్రలో పుట్టిన జాషువకు విశ్వాసం సిద్ధంగా దొరికిన ఆశ్రయం కాలేదు. సంస్కృత కావ్యాలు చదివి, పద్యం చెప్పి సభకు వెళితే కులం అడ్డొచ్చింది. హిందూ పురాణేతివృత్తాలను చేపట్టినందుకు క్రైస్తవ పెద్దల ఆగ్రహానికి గురయ్యాడు. ఒకచోట పుట్టుక నేరమైంది, మరొకచోట చదువు నేరమైంది. అందువల్ల దైవాన్నీ మతవ్యవస్థనూ వేరుచేసి చూడక తప్పని స్థితి అతనికి యౌవనంలోనే ఏర్పడింది. ఆ వేరుచూపే ‘గబ్బిలం’లో కావ్యరూపం దాల్చింది.

‘గబ్బిలం’: చేరలేని విన్నపం

1941లో వెలువడిన ‘గబ్బిలం’ సందేశ కావ్యం. దక్షిణ దేశంలోని ఒక అరుంధతీసుతుడు తన దుఃఖాన్ని కాశీ విశ్వేశ్వరునికి నివేదించమని గబ్బిలాన్ని వేడుకుంటాడు. కాళిదాసు ‘మేఘసందేశం’ దీనికి మాతృక అన్నది సుప్రసిద్ధం. అయితే రెండు కావ్యాల మధ్య కాలభావనలో ఉన్న తేడాను ప్రత్యేకంగా గమనించాలి. యక్షుని శాపానికి ఒక్క ఏడాది గడువు. ఎడబాటు ఎంత బాధాకరమైనా దానికి ముగింపు తేదీ ఉంది. ఆ నిశ్చయమే యక్షునికి ధైర్యం. జాషువ నాయకుని శాపానికి గడువు లేదు. అది పుట్టుకతో వచ్చింది, బిడ్డలకు సంక్రమిస్తుంది. ఆందోళనకు అంతం కనిపించని స్థితిలో ఓర్పును బోధించే మాట ఓదార్పు కాజాలదు. ఆ నాయకుడు కర్మసిద్ధాంతాన్ని ప్రశ్నించడానికి కారణం ఇదే.

అతడు నాస్తికుడు కాడు. శివుని మీద అతనికి నమ్మకం ఉంది. లోపించింది ప్రవేశం. గుడిలోకి మనిషికి అనుమతి లేదు, గబ్బిలానికి ఉంది. గర్భాలయంలో తలకిందులుగా వేలాడే ఆ ప్రాణి దేవుని చెవికి దగ్గరగా ఉంటుంది. పూజారి లేని సమయం చూసి తన మాట చెప్పమని నాయకుడు కోరడంలో కావ్యసారమంతా ఉంది. పూజారి ఉంటే ప్రార్థన చేరదు. అంటే అడ్డంకి దేవునికీ భక్తునికీ నడుమ ఉన్న మనిషే.

ఇక్కడ ప్రార్థన శాంతిని తెచ్చిందా? గబ్బిలం మాట చేరవేస్తుందన్న ఆశ ఉంది. బాధ తీరిందన్న హామీ లేదు. కానీ కావ్యారంభంలో మూగగా ఉన్న వేదన వాక్కుగా మారింది. లోకం అశుభంగా భావించే ప్రాణి ఒకటి ఆ వాక్కును ఆలకించింది. తోటి జీవి ఒకటి వినిపించుకోవడమే ఈ కావ్యం అందించే తొలి ఊరట. ‘శ్మశానవాటి’తో పోల్చి చూస్తే దీని విలువ తెలుస్తుంది. హరిశ్చంద్ర నాటకంలోని కాటిసీనులో రంగస్థల నటులు పాడి ప్రసిద్ధం చేసిన ఆ ఖండికలో శాంతి ఉంది, సమత్వమూ ఉంది. అయితే అవి చావు తరువాత లభించేవి. బతికుండగానే ఆలకింపబడాలన్నది ‘గబ్బిలం’ నాయకుని పట్టుదల.

‘క్రీస్తు చరిత్ర’: వచ్చి వినే దైవం

1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ‘క్రీస్తు చరిత్ర’ జాషువ పరిణత వయసు నాటి రచన. తనను మందలించిన సంఘం ఆరాధించే ప్రభువు చరిత్రను, తనను సభకు దూరం పెట్టినవారు తమదిగా భావించిన పద్యరూపంలో అతడు రచించాడు. ఈ ఎంపికే ఒక సమాధానం. క్రీస్తు ఏ ఒక్క వ్యవస్థ సొత్తూ కాడు, పద్యం ఏ ఒక్క కులం సొత్తూ కాదు.

‘గబ్బిలం’ పక్కన నిలిపి చూసినప్పుడు ఇతివృత్తం ప్రాముఖ్యం స్పష్టమవుతుంది. ఒకదానిలో భక్తుని మాట దేవుని దగ్గరికి ప్రయాణించాలి. మరొకదానిలో దేవుడే పశువుల పాకకు, జాలరుల పడవకు, ఊరి వెలుపలి కుష్ఠురోగి చెంతకు వస్తాడు. అంటరానివాణ్ణి తాకి స్వస్థపరిచే దైవానికి దూత అవసరం లేదు. అరుంధతీసుతుడు వెతికిన శ్రోత ఇతివృత్తరీత్యా ఇక్కడ లభించాడు.

అయితే సువార్తల్లోని ప్రార్థన కూడా సులభమైన ఊరట కాదు. గెత్సేమనే తోటలో క్రీస్తు తీవ్రవేదనతో ప్రార్థించాడు. చెమట రక్తబిందువుల వలె రాలిందని లూకా వర్ణించాడు. శిష్యులు నిద్రపోయారు. తొలగించమని కోరిన పాత్ర తొలగలేదు. సిలువపై పలికిన మాట ఇరవైరెండవ కీర్తన ఆరంభంలోని ఆక్రోశం. చింతపడక విన్నపాలను దేవునికి తెలియజేయమని ఫిలిప్పీయులకు బోధించిన పౌలు ఆ లేఖను బంధకాల్లో ఉండి రాశాడు. క్రైస్తవ సంప్రదాయంలో శాంతి అంటే బాధ లేకపోవడం కాదు, బాధను దాచుకోనక్కరలేని సాన్నిధ్యం. ‘గబ్బిలం’ రాసిన కవికి ఈ భావం పరాయిది కాదు.

ఒక ఆక్షేపం

జాషువ మానవతావాది కాబట్టి అతని కావ్యాల్లో ప్రార్థనను ప్రధానంగా చూడటం మతపరమైన కుదింపు అవుతుందన్న ఆక్షేపం రావచ్చు. దీనిలో కొంత సత్యం ఉంది. అతని నాయకులు ఒకే దైవాన్ని పిలవరు. ‘గబ్బిలం’ నాయకుడు శివుని వేడుకున్నాడు. ‘ఫిరదౌసి’ నాయకుడు మాట తప్పిన సుల్తాను చేతిలో వంచితుడైన ముస్లిం కవి. కానీ ఈ వైవిధ్యం ప్రార్థన ప్రాధాన్యాన్ని తగ్గించదు. దైవనామం మారినా విన్నపం చేసే మనిషి స్థితి మారలేదు. జాషువ మానవతావాదం ప్రార్థనను విడిచిపెట్టలేదు, మధ్యవర్తిని మాత్రమే తొలగించింది.

ముగింపు

మనోవేదనను వ్యక్తి బలహీనతగా భావించి, ప్రార్థనను దానికి మందుగా చూపే ధోరణి నేడు విస్తరించింది. ఆ ధోరణి వేదనకు గల సామాజిక కారణాన్ని మరుగుపరుస్తుంది. ప్రార్థనను మోసంగా తోసిపుచ్చే ధోరణి, విశ్వాసంతో తలెత్తుకు నిలబడిన పల్లె ప్రజల అనుభవాన్ని మరుగుపరుస్తుంది. జాషువ ఈ రెండింటికీ లొంగడు. అతని కావ్యాల్లో ప్రార్థన బాధితుని నోరు మూయించదు, నోరు తెరిపిస్తుంది. తెరిచిన ఆ నోటి మాటను వినే బాధ్యత దేవునితో పాటు సమాజానిదీ అవుతుంది. ‘గబ్బిలం’, ‘క్రీస్తు చరిత్ర’లను కలిపి బోధించినప్పుడు, పరిశోధించినప్పుడు ఈ బాధ్యత స్పష్టపడుతుంది. మొదటిది అడిగిన ప్రశ్న తెలియకుండా రెండవదాన్ని చదివితే అది మతకథగానే మిగులుతుంది.