పడుకోవడానికీ గురువు కావాలి

ఆసనాలన్నిటిలో కష్టమైనది ఏదని పాతకాలపు యోగా మాస్టారిని ఎవరినైనా అడగండి. శీర్షాసనం అనరు, మయూరాసనం అనరు. శవాసనం అంటారు. వెల్లకిలా పడుకుని కాళ్లూ చేతులూ వదిలేయడంలో కష్టమేముందని నవ్వేవాళ్లు, అనాటమీ వైవాకు ముందు రాత్రి ఎంబీబీఎస్ మొదటి ఏడాది హాస్టల్‌కి వెళ్లి చూడాలి. దవడలు బిగిసి, భుజాలు చెవుల దాకా లేచి ఉంటాయి. ఏ కండరం బిగిసిందో ఆ పిల్లవాడికే తెలియదు. ఆ కండరం ఎక్కడ పుట్టి ఎక్కడ అతుక్కుంటుందో, దానికి ఏ నరం వెళ్తుందో మాత్రం గడగడా అప్పజెప్పేస్తాడు.

నిజామాబాద్ జిల్లాలోని మా బాల్కొండ, ఆర్మూర్ వాళ్లకు ఒళ్లు వదిలేసే ఈ విద్య మీద కాస్త హక్కుంది. ఆర్మూర్ సిద్ధుల గుట్ట మీద నవనాథులు తపస్సు చేశారని పెద్దలు చెప్తారు. ఊరి పాత పేరు నవనాథపురమట. హఠయోగం నాథ సిద్ధుల సొత్తు. స్వాత్మారాముడి హఠయోగ ప్రదీపికలోనే శవాసనం ఉంది, అలసట తీర్చేదిగా, మనసుకు విశ్రాంతినిచ్చేదిగా. చరిత్ర ఇంతటితో చాలు, పనితనం చూద్దాం.

శవాసనం మీద కట్టిన మేడ యోగనిద్ర. 1960లలో ముంగేర్‌లో బిహార్ యోగ విద్యాలయం పెట్టిన స్వామి సత్యానంద సరస్వతి, పూజల్లో మంత్రంతో ఒక్కో అవయవాన్ని తాకే న్యాసం నుంచి దీన్ని తీసి, ఎవరైనా చేయగలిగే పద్ధతిగా మలిచారు. పడుకున్నాక ముందు ఒక చిన్న సంకల్పం. తర్వాత గురువు ఒక్కో అవయవం పేరు చెప్తుంటే మనసు అక్కడికి వెళ్లి వెంటనే కదిలిపోవాలి. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, అరచేయి, మణికట్టు, అలా ఒళ్లంతా. ఆ తర్వాత శ్వాసను వెనక్కి లెక్కపెట్టడం, బరువునూ తేలికనూ, వేడినీ చలినీ వరసగా అనుభవించడం, ఆపైన దృశ్యాలు. ఆఖరున మళ్లీ సంకల్పం. మొత్తం అరగంట. మెలకువకూ నిద్రకూ మధ్య గట్టు మీద నిలబెట్టడమే గురువు నేర్పు. మాట మరీ నెమ్మదైతే గురక మొదలవుతుంది, మరీ వేగమైతే పిల్లలు కళ్లు తెరుస్తారు. మంచి గురువు గొంతు వింటే ఈ తేడా తెలుస్తుంది. చేతివేళ్లతో మొదలుపెట్టడం ఎంత తెలివైన పనో మెడికల్ విద్యార్థికి ఎవరూ చెప్పనక్కర్లేదు. మెదడు పొర మీద చేతికీ ముఖానికీ ఎంత పెద్ద స్థలం ఉందో చూపించే పెన్‌ఫీల్డ్ బొమ్మ ఫిజియాలజీ పుస్తకంలో ఉంది కదా!

అటువైపు షికాగోలో ఎడ్మండ్ జాకబ్సన్ అనే డాక్టరు ఇదే గుట్టును ఇంకో దారిలో పట్టుకున్నాడు. 1929లో పుస్తకం రాశాడు. పిడికిలి బిగించు, వదులు, ఆ తేడా గమనించు. అలా చెయ్యి, నుదురు, దవడ, మెడ, పొట్ట, పిక్కలు. తర్వాత వచ్చినవాళ్లు దీన్ని పదహారు కండరాల గుంపులకు కుదించారు. కుదిస్తే కుదించారు గానీ అసలు విషయం చాలామంది మరిచిపోయారు. బిగించడం కాదు ఇక్కడ విద్య, బిగువును పసిగట్టడం. జాకబ్సన్ తన శిష్యులను రోజురోజుకూ తక్కువ తక్కువగా బిగించమనేవాడు, చివరికి కంటికి కనిపించనంత బిగువును కూడా వాళ్లే గుర్తుపట్టేదాకా. ఇదీ నైపుణ్యమంటే.

ఇక శ్వాస. నిమిషానికి ఆరు శ్వాసల లెక్కన నెమ్మదించితే రక్తపోటును సర్దే యంత్రాంగం చురుకవుతుందని ఇటలీలో బెర్నార్డి బృందం 2001లో చూపింది. క్రైస్తవుల జపమాల ప్రార్థన, మన మంత్రజపం, రెండూ మనిషిని ఆ ఆరు దగ్గరికే తెస్తాయని తేల్చింది. భ్రామరిలో చేసినట్టు తుమ్మెదలా ఝుమ్మంటే ముక్కులో నైట్రిక్ ఆక్సైడ్ మామూలుకన్నా ఎన్నో రెట్లు పెరుగుతుందని స్వీడన్ వాళ్లు కొలిచారు. కపాలభాతిని వేగంగా కొట్టించే గురువులున్నారు. వాళ్లతో నాకు పేచీ. ముందే దడదడలాడుతున్న గుండెకు పరీక్షల కాలంలో అదెందుకు?

మహామహుల సంగతులు చెప్పకుండా ఉండలేను. 1961లో ఢిల్లీ ఎయిమ్స్‌లో రమానంద యోగిని గాలి చొరని పెట్టెలో కూర్చోబెడితే, ఒంటికి కనీసం అవసరమనుకున్న దానికన్నా బాగా తక్కువ ఆక్సిజన్‌తో నెట్టుకొచ్చాడు. 1970లో అమెరికాలోని మెనింజర్ ఫౌండేషన్‌లో స్వామి రామ ఒకే అరచేతిలో రెండు చోట్ల వేడి తేడా సుమారు పది ఫారన్‌హీట్ డిగ్రీలు తెచ్చి చూపాడు. వీటన్నిటికన్నా నాకు ఇష్టమైనది ముంబైలో డాక్టర్ కె.కె. దాతే బృందం చేసిన పని. రక్తపోటు ఉన్న 47 మందికి శవాసనం నేర్పి, ఫలితాన్ని 1969లో ప్రచురించారు. ఆ రోగులు యోగులు కారు, మామూలు మనుషులు.

పరీక్ష భయం ఒట్టి మనసు రోగం కాదా? కాదు. అమెరికాలోని ఒహాయోలో పదకొండు మంది దంతవైద్య విద్యార్థుల అంగిట్లో మూడున్నర మిల్లీమీటర్ల గాయం చేశారు, ఒకసారి సెలవుల్లో, ఒకసారి పరీక్షలకు మూడు రోజుల ముందు. పరీక్షల గాయం మానడానికి సగటున 40 శాతం ఎక్కువ సమయం పట్టింది. ఏ ఒక్కరికీ సెలవుల్లో మానినంత త్వరగా మానలేదు. అది 1998 మాట. మరుసటి ఏడాది ముంబైలో మాలతి, దామోదరన్ అనే ఇద్దరు పరిశోధకులు మొదటి ఏడాది మెడికల్ విద్యార్థుల మీద యోగాను పరీక్షించి ఫలితాలు అచ్చువేశారు. పరీక్ష రోజు ఆందోళన తగ్గింది, యోగా చేసిన గుంపులో ఫెయిలైనవాళ్లూ తగ్గారు. చిన్న పరిశోధనే, ఒప్పుకుంటాను. కానీ అది మన పిల్లల మీద, మన పరీక్షల్లో చేసింది.

మరి ఇంత ఉన్న విద్యకు ఈ రోజు పట్టిన గతి ఏమిటి? జూన్ 12 నుంచి 21 దాకా పది రోజులు యోగా చేయించాలని జాతీయ వైద్య కమిషన్ చెప్పింది. చాలాచోట్ల అది బ్యానరు, తెల్ల టీషర్టులు, ఒక ఫొటో. ఇరవై రెండో తేదీన చాపలు చుట్టేస్తారు, పరీక్షలు మాత్రం నెలల తర్వాత వస్తాయి. ఇంకోవైపు ఫోన్‌లో అయిదు నిమిషాల యోగనిద్ర. వేణువు సంగీతం, మధ్యలో కోచింగ్ సెంటర్ ప్రకటన! పసుపు కొమ్మును ఉడకబెట్టకుండా, ఎండబెట్టకుండా నేరుగా పాలిష్ డ్రమ్ములో వేస్తే ఏమవుతుందో ఆర్మూర్ రైతును అడగండి. పైకి మెరిసినా లోపల కుళ్లుతుంది. ఇంకా ఘోరం, వైవాకు ముందు గుండెదడ తగ్గడానికి డాక్టరును అడగకుండానే ప్రొప్రనలోల్ మింగే అలవాటు. ఉబ్బసం ఉన్నవాడు మింగితే ఊపిరికే ముప్పు. ఆ సంగతి ఫార్మకాలజీలో చదివే పిల్లలే మింగుతారు.

2024లో కమిషన్ నియమించిన టాస్క్‌ఫోర్సు దేశమంతా అడిగితే 25,590 మంది ఎంబీబీఎస్ విద్యార్థులు జవాబిచ్చారు. వాళ్లలో 27.8 శాతం మంది తమకు మానసిక సమస్య ఉందన్నారు. 16.2 శాతం మంది చావు ఆలోచనలు వచ్చాయన్నారు. ఇంత భారాన్ని శవాసనం ఒక్కటే మోయలేదు, మోస్తుందని చెప్పేవాడు మోసగాడు. నిద్ర లేకుండా డ్యూటీలు వేసే పద్ధతి మారాలి, ర్యాగింగ్ పోవాలి. రోజుల తరబడి నిద్ర రాకపోయినా, బతకాలని లేకపోయినా సైకియాట్రీ డాక్టరు దగ్గరికి వెళ్లాలి. టెలి మానస్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

వాళ్ల సంగతి వేరు. మిగతా పిల్లలకు ఈ విద్య కావాలి, పరీక్షకు ముందు రాత్రి కాదు, కనీసం నెల ముందు నుంచి రోజూ అరగంట. అలా సాధన చేసినవాడికి వైవా గది బయట వరండాలో మూడు నిదానమైన శ్వాసలు చాలు, భుజాలు వాటంతటవే దిగుతాయి. చేయనివాడికి అవే మూడు శ్వాసలు ఉత్త గాలి.

నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ మెడికల్ కాలేజీల పెద్దలకు నా మనవి. కొత్త భవనాలు అడగడం లేదు. హాస్టల్‌లో ఫోన్లు మోగని ఒక గది, గొంతు తెలిసిన ఒక గురువు, టైంటేబుల్‌లో సాయంత్రం అరగంట. ఫొటోలు తీయకుండా ఏడాదంతా నడిపించండి.