పాఠాన్ని ఎన్నుకొనే సర్వర్: వెబ్ అనువర్తనాల్లో కంటెంట్ నెగోషియేషన్ – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఒకే వెబ్ చిరునామాలో ఒక అంశానికి చెందిన పలు రూపాలు ఉన్నప్పుడు, పాఠకుని బ్రౌజర్ తెలిపే ప్రాధాన్యాలను బట్టి వాటిలో ఒకదానిని సర్వరే ఎంపిక చేసి పంపే పద్ధతిని ‘కంటెంట్ నెగోషియేషన్’ అంటారు. ఈ పద్ధతి అమలు తీరును తెలుగు పాఠకుని దృష్టితో పరిశీలించి, ఫైలు రూపాల ఎంపికకు చక్కగా సరిపోయే ఈ సూత్రం భాషల ఎంపికకు యథాతథంగా వర్తించదని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కంటెంట్ నెగోషియేషన్, సర్వర్, పాఠభేదం, అనువాదం, ఉల్లేఖన, తెలుగు వెబ్.

1. ఉపోద్ఘాతం:
తెలుగు, ఇంగ్లీషు భాషలు రెండింటిలోనూ విషయాన్ని అందించే వెబ్ అనువర్తనాల అవసరం విద్యాసంస్థలకు, గ్రంథాలయాలకు, పత్రికలకు నేడు ఏర్పడింది. చిరునామాను తెరచిన పాఠకునికి ముందుగా ఏ భాషలోని పాఠం కనిపించాలన్న నిర్ణయం సాధారణంగా సాంకేతిక నిపుణుల చేతిలో ఉంటుంది. అయితే పాఠం అంటే ఏమిటి, అనువాదం మూలానికి ఏమవుతుంది, పాఠకుని అభిరుచిని నిర్ణయించేది ఎవరు అన్న ప్రశ్నలు ఆ నిర్ణయంలోనే ఇమిడి ఉన్నాయి. ఇవి సాహిత్య విమర్శకు చిరపరిచితమైన ప్రశ్నలు. కనుక ఈ సాంకేతిక విధానాన్ని విమర్శ పరిభాషతోనూ పరీక్షించవలసి ఉంది.

2. భావన – నేపథ్యం:
వెబ్‌కు ఆధారమైన హెచ్.టి.టి.పి. నియమావళిలో ఈ భావన తొలినాళ్ళ నుంచీ ఉంది. 1999లో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 2616 దీనిని సర్వర్ చేసే ఎంపిక, పాఠకుని బ్రౌజర్ చేసే ఎంపిక, ఈ రెండింటి కలయిక అని మూడు విధాలుగా వివరించింది. 2022 జూన్‌లో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 9110 సర్వర్ చేసే ఎంపికకు ‘ప్రోయాక్టివ్’ అని, పాఠకుని వైపు జరిగే ఎంపికకు ‘రియాక్టివ్’ అని పేర్లు వాడుతుంది.

ఈ భావనకు తాత్త్విక భూమిక ‘రిసోర్స్’, ‘రిప్రజెంటేషన్’ అనే రెండు పదాల్లో ఉంది. రాయ్ ఫీల్డింగ్ 2000లో సమర్పించిన పిహెచ్.డి. సిద్ధాంతగ్రంథంలో ఈ భేదాన్ని విపులంగా చర్చించారు. చిరునామా సూచించేది ఒక భావరూపమైన ‘వస్తువు’ను, పాఠకునికి అందేది ఆ వస్తువు యొక్క ఒకానొక ‘రూపం’. ఈ లెక్కన ఒక వ్యాసం వెబ్ పేజీగా ఉన్నా, పిడిఎఫ్‌గా ఉన్నా, తెలుగులో ఉన్నా, ఇంగ్లీషులో ఉన్నా వస్తువు ఒక్కటే. అవన్నీ దాని రూపాలే.

3. అమలు విధానం:
బ్రౌజర్ తన అభ్యర్థనతో పాటు కొన్ని హెడర్లను పంపుతుంది. ‘యాక్సెప్ట్’ హెడర్ ఫైలు రూపాన్ని, ‘యాక్సెప్ట్-లాంగ్వేజ్’ హెడర్ భాషను తెలియజేస్తాయి. ప్రతి ఎంపికకూ 0 నుంచి 1 వరకు ‘క్యూ’ అనే ప్రాధాన్య విలువను జోడించవచ్చు. విలువ చెప్పకపోతే అది 1గా పరిగణింపబడుతుంది. 0 అంటే ఆ రూపం వద్దని అర్థం. సర్వర్ తన వద్ద ఉన్న రూపాలను ఈ విలువలతో పోల్చి ఒకదానిని పంపుతుంది. ఏదీ సరిపోనప్పుడు 406 అనే సంకేతంతో నిరాకరించవచ్చు. లేదా హెడర్‌ను పక్కన పెట్టి తనకు తోచిన రూపాన్ని పంపవచ్చు. నియమావళి ఈ రెండింటినీ అనుమతిస్తుంది.

పైకి నిష్పాక్షికంగా కనిపించే ఈ గణనలో తెలుగుకు నష్టం కలిగే సందర్భాలు రెండు ఉన్నాయి.

3.1 ఇంగ్లీషు అమరిక గల పరికరం: బ్రౌజర్ పంపే భాషా ప్రాధాన్యం సాధారణంగా పరికరంలోని లేదా బ్రౌజర్‌లోని భాషా అమరిక నుంచి వస్తుంది. ఫోనును ఇంగ్లీషు మెనూలతో వాడుకొనే తెలుగు పాఠకుని పక్షాన, ఇంగ్లీషుకు 1, తెలుగుకు 0.8 అన్న విలువలు వెళ్ళాయనుకుందాం. రెండు భాషల్లోనూ పాఠం ఉన్న సర్వర్ ఆ పాఠకునికి ప్రతిసారీ ఇంగ్లీషు పాఠాన్నే పంపుతుంది. గణన ప్రకారం అది దోషం కాదు. కాని మెనూలకు ఎంచుకొన్న భాషను పఠనానికి ఎంచుకొన్న భాషగా భావించడమే ఇక్కడి మౌలిక దోషం.

3.2 ప్రాంతీయ సంకేతం: ‘తెలుగు’ అన్న సంకేతం వేరు, ‘తెలుగు–ఇండియా’ అన్న సంకేతం వేరు. 2006లో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 4647 వీటిని సరిపోల్చడానికి పలు పద్ధతులను సూచించింది. ‘లుకప్’ పద్ధతిలో ‘తెలుగు–ఇండియా’ దొరకకపోతే చివరి భాగాన్ని తొలగించి ‘తెలుగు’ను వెదుకుతారు. ‘బేసిక్ ఫిల్టరింగ్’ పద్ధతిలో ఈ వెసులుబాటు లేదు. ‘తెలుగు–ఇండియా’ కోరిన పాఠకునికి ‘తెలుగు’ అని మాత్రమే గుర్తించిన పాఠం సరిపోలదు. అపాచీ సర్వర్ వివరణ పత్రం ఇటువంటి స్థితిని ఇంగ్లీషు, ఫ్రెంచి ఉదాహరణతోనే వివరిస్తుంది. బ్రిటన్ ఇంగ్లీషుకు మొదటి స్థానం, ఫ్రెంచికి రెండవ స్థానం ఇచ్చి, సాధారణ ఇంగ్లీషును విడిగా పేర్కొనని పాఠకునికి, ఇంగ్లీషు పాఠం ఉన్నా ఫ్రెంచి పాఠమే అందుతుంది. ఇదే సూత్రాన్ని తెలుగుకు అన్వయిస్తే, తెలుగునే మొదట కోరిన పాఠకుడు తెలుగు పాఠం ఉండి కూడా ఇంగ్లీషు పాఠం అందుకొంటాడు.

4. రూపమా? పాఠాంతరమా?
ఫైలు రూపాల విషయంలో ఈ విధానం ఎంత ప్రయోజనకరమో పరిశోధకులకు అనుభవైకవేద్యమే. క్రాస్‌రెఫ్, డేటాసైట్ సంస్థలు నమోదు చేసే డి.ఓ.ఐ. చిరునామా ఇందుకు ఉదాహరణ. దానిని బ్రౌజర్‌లో తెరిస్తే వ్యాసం పేజీ కనిపిస్తుంది; ఉపప్రమాణాలను నిర్వహించే సాఫ్ట్‌వేర్ తగిన ‘యాక్సెప్ట్’ హెడర్‌తో అడిగితే అదే చిరునామా గ్రంథసూచీ వివరాలను బిబ్‌టెక్స్ వంటి రూపంలో అందిస్తుంది. ఇక్కడ మారింది పాఠం కాదు, దానిని అందించే తీరు మాత్రమే.

భాష విషయంలో స్థితి భిన్నం. నన్నయ ఆరంభించగా తిక్కన, ఎఱ్ఱనలు పూర్తిచేసిన ఆంధ్ర మహాభారతాన్ని వ్యాసభారతానికి మరొక ‘రూపం’గా తెలుగు సాహిత్య సంప్రదాయం ఏనాడూ భావించలేదు, స్వతంత్ర కావ్యంగానే గౌరవించింది. అనువాదకుని ఎంపికలు, వర్జనలు, చేర్పులు కలిసి కొత్త పాఠాన్ని సృష్టిస్తాయి. కథకైనా, విమర్శ వ్యాసానికైనా ఇది వర్తిస్తుంది. కనుక తెలుగు పాఠాన్ని, దాని ఇంగ్లీషు అనువాదాన్ని ఒకే వస్తువు యొక్క రెండు రూపాలుగా పరిగణించే నిర్వచనం సాహిత్య పాఠాల విషయంలో నిలవదు.

ఈ నిర్వచన దోషం ఆచరణలో ఉల్లేఖన సమస్యగా పరిణమిస్తుంది. పరిశోధకుడు ఒక చిరునామాను ఉదహరిస్తే, పరీక్షకుడు అదే చిరునామాలో వేరొక పాఠాన్ని చూడవచ్చు. సర్వర్ ‘వేరీ’ హెడర్‌ను సక్రమంగా పంపకపోతే, మధ్యలో ఉండే క్యాష్ ఒకరి కోసం నిల్వ చేసిన పాఠాన్ని మరొకరికి అందించవచ్చు. గూగుల్ శోధనయంత్రం పేజీలను సేకరించేటప్పుడు ‘యాక్సెప్ట్-లాంగ్వేజ్’ హెడర్‌ను పంపదు. అందువల్ల హెడర్ ఆధారంగా మాత్రమే లభించే తెలుగు పాఠం శోధనలో కనిపించకుండా పోయే ప్రమాదం ఉంది.

సి.పి. బ్రౌన్ ఒకే కావ్యానికి పలు వ్రాతప్రతులను సేకరించి, పండితులచేత సరిచూపించి, శుద్ధప్రతులు సిద్ధం చేయించాడు. ప్రతులు విడివిడిగా ఎదుట ఉండటం వల్లనే ఆ పని సాధ్యమైంది. సర్వర్ ఒక పాఠాన్ని చూపి మరొకదానిని మరుగుపరచినప్పుడు, పాఠభేదం ఉందన్న సంగతే పాఠకునికి తెలియదు.

5. ప్రతిపాదనలు:
అంతమాత్రాన భాషా ప్రాధాన్యాన్ని సర్వర్ పూర్తిగా విస్మరించాలని చెప్పడం సమంజసం కాదు. ఇంగ్లీషు రాని పాఠకుడు మొదటిసారి వచ్చినప్పుడు తెలుగు పేజీనే చూడగలగడం నిజమైన ప్రయోజనం. ఆ ప్రయోజనాన్ని నిలుపుకొంటూ పై దోషాలను నివారించడానికి ఈ మార్గాలు అనుసరణీయం.

అ) ప్రతి భాషాపాఠానికీ ప్రత్యేకమైన, స్థిరమైన చిరునామా ఉండాలి. వికీపీడియా తెలుగుకు, ఇంగ్లీషుకు వేర్వేరు చిరునామాలను కేటాయించడం ఇందుకు నిదర్శనం.
ఆ) సర్వర్ ఎంపికను ముఖద్వారం వంటి తొలి పేజీకే పరిమితం చేసి, అక్కడి నుంచి 302 సంకేతంతో తాత్కాలికంగా మళ్ళించాలి. శాశ్వత మళ్ళింపును సూచించే 301 సంకేతాన్ని బ్రౌజర్ గుర్తుంచుకొనే అవకాశం ఉన్నందున అది ఇక్కడ తగదు.
ఇ) భాషాసంకేతాలను పోల్చడానికి ‘లుకప్’ పద్ధతినే వాడాలి.
ఈ) ప్రతి పేజీలోనూ ఇతర భాషాపాఠానికి లంకె, ఆ భాష పేరుతో, ఆ భాష లిపిలోనే కనిపించాలి. పాఠకుడు స్వయంగా చేసిన ఎంపిక హెడర్ కంటే బలీయం కావాలి.
ఉ) పంపిన పాఠం ఏ భాషలో ఉందో ‘కంటెంట్-లాంగ్వేజ్’ హెడర్ ద్వారా, ఎంపిక దేనిని బట్టి జరిగిందో ‘వేరీ’ హెడర్ ద్వారా తెలపాలి.
ఊ) ఏ భాషా సరిపోలనప్పుడు 406తో తిప్పి పంపక, లభ్యమయ్యే భాషల జాబితాను చూపాలి.

ఇతర రాష్ట్రాల్లో, విదేశాల్లో పెరిగి తెలుగు అర్థం చేసుకోగలిగినా లిపి చదవలేని వారిని కూడా ఈ సందర్భంలో గుర్తుంచుకోవాలి. భాషాసంకేతానికి లిపిసంకేతాన్ని జోడించే ఏర్పాటు ప్రమాణాల్లో ఉంది. రోమన్ లిపిలో తెలుగు పాఠాన్ని అందించదలచిన అనువర్తనం దానిని మరొక భాషగా కాక, తెలుగు పాఠానికి లిప్యంతరంగా ప్రకటించవచ్చు. ఇక్కడ ‘రూపం’ అన్న మాట నిజంగా సార్థకమవుతుంది.

6. ముగింపు:
పాఠకునికి ఏది ఉత్తమమో సర్వర్ కచ్చితంగా నిర్ణయించడం అసాధ్యమని ఆర్.ఎఫ్.సి. 9110 స్వయంగా అంగీకరిస్తుంది. భాషా ప్రాధాన్యాలు పాఠకుని వ్యక్తిగత వివరాలను బయటపెట్టగలవనీ హెచ్చరిస్తుంది. ఫైలు రూపం మారినా పాఠం మారదు. భాష మారితే పాఠమే మారుతుంది. ఈ భేదాన్ని గుర్తించిన అనువర్తనంలో తెలుగు పాఠం ఇంగ్లీషు పేజీ చాటున ఉండే ప్రత్యామ్నాయంగా కాక, తనదైన చిరునామాతో, ఉదహరించడానికి వీలైన స్వతంత్ర పాఠంగా నిలుస్తుంది. తెలుగులో ఈ-పత్రికలను, డిజిటల్ గ్రంథాలయాలను రూపొందించే సంస్థలు నిర్మాణ దశలోనే తెలుగు అధ్యాపకులను, పాఠపరిష్కరణ తెలిసినవారిని సంప్రదించడం అందుకు తొలి మెట్టు.