అతుకు చూసి అంచనా వేయండి

ఇంజినీరింగ్ మొదటి ఏడాది పిల్లల దగ్గర వర్క్‌షాప్ మాటెత్తితే చాలు, మొహం చిట్లిస్తారు. ఖాకీ బట్టలు, అరచేతిలో బొబ్బలు, రికార్డు పుస్తకం గొడవ. నన్నడిగితే కాలేజీ మొత్తంలో చెప్పులు బయట విడిచి వెళ్లదగ్గ గది అదొక్కటే (నిబంధన ప్రకారం బూట్లు తప్పనిసరి, అది వేరే సంగతి). తెర మీద ఎంత సొగసైన కుర్చీనైనా గీసేయొచ్చు. అది మనిషిని మోస్తుందో లేదో తేల్చాల్సింది మాత్రం కొయ్య, ఇనుము, ప్లాస్టిక్. అందుకే విద్యార్థి చేసిన వస్తువేదైనా చేతికిస్తే నేను ముందు దాని రూపం చూడను, రెండు ముక్కలు కలిసిన చోటు చూస్తాను.

ఫిట్టింగ్ షాపులో ఇచ్చే స్క్వేర్ ఫిట్‌నే తీసుకోండి. అరచేతిలో ఇమిడే రెండు మైల్డ్ స్టీల్ పలకలు. ఒకదానిలో చదరపు గాడి తీయాలి, రెండోదానికి ఆ గాడిలో కూర్చునే నాలుక తీయాలి. అంతే పని. ముందు పలక మీద మైలుతుత్తం నీళ్లు పూస్తే ఇనుము మీద రాగి పొర ఎర్రగా పడుతుంది. దాని మీద స్క్రైబర్‌తో గీస్తే గీత తళుక్కుమంటుంది. గీత పొడుగునా డాట్ పంచ్‌తో చుక్కలు పెట్టి, హ్యాక్‌సాతో కోసి, మిగిలింది ఆకురాయితో అరగదీయాలి. ఆకురాయి ముందుకు తోసినప్పుడే కోస్తుంది. వెనక్కి లాగేటప్పుడు కూడా నొక్కితే పళ్లు మొద్దుబారడం తప్ప ఒరిగేదేమీ లేదు. పళ్ల సందుల్లో ఇనపరజను ఇరుక్కోకుండా సుద్దముక్క రుద్దుతారు. ఎక్కడ ఆపాలి? చుక్క సగం తెగి, సగం మిగిలిన చోట. చుక్క పూర్తిగా నిలిచి ఉంటే పని మిగిలి ఉన్నట్టు, మొత్తం పోయిందంటే పలకే పోయినట్టు. అరిగిన ఇనుమును ఆకురాయి తిరిగి పెట్టలేదు.

చివర్లో రెంటినీ జతచేసి కిటికీ వైపు ఎత్తి చూస్తారు. సందులోంచి వెలుతురు రాకూడదు. నాలుక ఉన్న పలకను తిరగేసి పెట్టినా అంతే బిగువుగా కూర్చోవాలి. సందు పెరిగితే అంచు మీద సుత్తితో నాలుగు దెబ్బలేసి, ఇనుమును సాగదీసి మూసేసే మొనగాళ్లూ ఉంటారు. అనుభవమున్న ఇన్‌స్ట్రక్టర్ బొటనవేలి గోరుతో ఒకసారి అంచు నిమిరి, ఏమీ అనకుండా పలక తిరిగిచ్చేస్తాడు. ఆ కుర్రాడికి అర్థమైపోతుంది.

కొయ్య పని మెత్తనిదనుకుంటారు గానీ దాని పేచీలు దానివి. రంపం గీత మీద నడవకూడదు, పారేసే ముక్క వైపునే గీతను ఒరుసుకుంటూ నడవాలి. పలక కొసను చిత్రిక పడితే అవతలి అంచు చీలిపోతుంది కాబట్టి రెండు వైపుల నుంచీ నడిమికి రావాలి. కుసి బెజ్జంలో వదులుగా ఉంటే ఫెవికాల్ ఎంత పోసినా నాలుగు నాళ్ల ముచ్చటే. అన్నిటికన్నా పెద్ద పాఠం వానాకాలం చెబుతుంది. కొయ్య నార పొడవునా దాదాపు పెరగదు, అడ్డంగా మాత్రం ఉబ్బుతుంది. ఇది తెలియక బల్ల పైపలకను నాలుగు పక్కలా మేకులతో బిగించేసిన ప్రాజెక్టులు పరీక్షనాడు నిగనిగలాడి, వేసవికి నెర్రెలిస్తాయి.

ప్లాస్టిక్‌ను చిన్నచూపు చూసేవాళ్ల మీద నాకు కోపం. యాక్రిలిక్ షీటును వేడి తీగ మీద పెట్టి వంచడం చూడండి. నూట యాభై, నూట అరవై డిగ్రీల దగ్గర అది మెత్తబడి చెప్పినట్టు వింటుంది. తొందరపడితే వంపు బయటివైపు సన్నటి పగుళ్లు, ఆలస్యమైతే లోపల బుడగలు. వంచాక చల్లారేదాకా అచ్చులో పట్టి ఉంచకపోతే కోణం జారిపోతుంది. రెండు ముక్కలు అతకాలంటే జిగురు కాదు, క్లోరోఫాం చుక్క. అంచులు సమంగా ఉంటే అది సందులోకి తనంతట తాను పాకి రెంటినీ ఒకటి చేస్తుంది. అంచు వంకరైతే పాకదు, చుట్టూ తెల్లటి మసక మిగులుతుంది. ఇక్కడా చివరి మాట ఆకురాయిదే.

ఈ చేతిపని చదువు ఎక్కడిదంటే, స్వీడన్‌లో ఓటో సాలొమన్ స్లాయిడ్ పేరుతో బడిపిల్లలకు కొయ్యపని నేర్పాడు. మనకు 1937లో వార్ధాలో గాంధీజీ చేతిపని ద్వారా చదువు నేర్పే నయీ తాలీం చెప్పారు. 1958లో అమెరికా డిజైనర్లు ఈమ్స్ దంపతులు మన చెంబును పొగుడుతూ నివేదిక రాస్తే, 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ ఎన్‌ఐడీ వచ్చింది. చరిత్ర ఇంతే చాలు. నేను చెప్పాలనుకునేది జర్మనీలోని బౌహౌస్ డిజైన్ బడి విద్యార్థుల గురించి.

మరియానె బ్రాంట్ అక్కడి లోహపు పనిశాలలో చేరినప్పుడు ఆడపిల్లకిక్కడ చోటెందుకని, విసుగు పుట్టించే పనులే అప్పగించారట. రోజుల తరబడి లోహపు అర్ధగోళాలు కొట్టించారట. ఆవిడ ఆ అర్ధగోళాన్నే 1924లో వెండి టీ కూజాగా మార్చింది. కిందేమో అడ్డంగా కలిసిన రెండు పట్టీల పాదం, పైనేమో ఎబొనీ కొయ్య పిడి. మూత నట్టనడుమ కాకుండా ఒక పక్కకు ఉంటుంది. అన్నీ వృత్తాలే, అయినా ఎక్కడా బొమ్మలా ఉండదు. వెండి, కొయ్య కలిసిన చోటు ఫొటోలో చూసినా నాకు చేతులు జోడించాలనిపిస్తుంది. అదే బడిలో అల్మా బుషర్ 1923లో 22 కొయ్యముక్కలతో చేసిన ఓడ ఆటను నేటికీ పిల్లలు ఆడుకుంటున్నారు. విల్‌హెల్మ్ వాగెన్‌ఫెల్డ్ దీపం సంగతి మరీ తమాషా. లైప్‌జిగ్ సంతకు పట్టుకెళితే వర్తకులు నవ్వారట. చూడబోతే యంత్రం మీద చవగ్గా తయారైనట్టుంది, తీరా చూస్తే అంతా చేత్తో చేసిన ఖరీదైన సరుకు! వందేళ్ల తర్వాత ఆ దీపానికి యంత్రం మీద తయారైన చవక నకళ్లు లెక్కకు మించి ఉన్నాయి. నకలు పట్టుకోవడం కష్టం కాదు, గాజు లోహంలో దిగే చోట వేలు పెడితే చాలు.

మనకు వాగెన్‌ఫెల్డ్‌లు లేరా? ఆరో తరగతితో బడి మానేసిన చింతకింది మల్లేశం, చీర నేతకు దారం ఆసు పోసి పోసి అమ్మ భుజాలు పడిపోతున్నాయని ఏళ్ల తరబడి చేసి, పాడై, మళ్లీ చేసి 1999లో లక్ష్మీ ఆసు యంత్రం నిలబెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. డిగ్రీ లేని మనిషికి ప్రొటోటైప్ అంటే ఏమిటో తెలిసింది. డిగ్రీ ఇచ్చే చోట అది మాయమైపోతోంది.

నిజంగా మాయమైపోతోంది. కోచింగ్ సెంటర్ల సందుల్లో "ప్రాజెక్టులు లభించును" అని బోర్డులు వేలాడుతున్నాయి. డబ్బు కడితే మోడల్, రిపోర్టు, వైవాలో చెప్పాల్సిన జవాబులు, అన్నీ ఒకే సంచిలో. ఏటా అదే యంత్రం, రంగు మారుతుంది, టీమ్ పేర్లు మారతాయి. ఇంకో రకం వాళ్లు నెట్‌లో దొరికిన ఫైలును 3డీ ప్రింటర్‌కిచ్చి, బయటికొచ్చిన దాన్ని "మా డిజైన్" అంటారు. లేజర్‌తో కోసిన ఎండీఎఫ్ పెట్టెలకైతే అంచుల మాడు వాసన కూడా పోదు. ప్రింటర్ మీద నాకు పగ లేదు. పది నమూనాలు గబగబా చేసి చూడటానికి అంతకన్నా మంచి పనిముట్టు లేదు. కానీ ఆ పది నమూనాలు ఎక్కడున్నాయి? ఒక్కటే చేసి, అదే చివరిదంటున్నారు కదా! లేత్ మిషన్ల మీద దుమ్ము గుడ్డలు కప్పి, ఇన్‌స్ట్రక్టర్ రిటైరైతే ఆ కుర్చీ ఖాళీగా ఉంచి, గోడ మీద మాత్రం "ఇన్నోవేషన్ సెంటర్" అని ఫ్లెక్సీ కట్టే యాజమాన్యాలను చూస్తే ఒళ్లు మండుతుంది. లక్షల ఫీజులో రెండు కొత్త ఆకురాళ్లకు డబ్బుండదా?

ఈ వ్యాసం చదివే అధ్యాపకులెవరైనా ఉంటే ఒక్క మనవి. ఈసారి ప్రాజెక్టు మార్కుల్లో సగం చెడిపోయిన ముక్కలకు కేటాయించండి. విరిగిన కుసి, బుడగలొచ్చిన యాక్రిలిక్, చుక్క దాటి అరిగిపోయిన పలక, అన్నీ తారీఖులతో సహా బల్ల మీద పెట్టమనండి. కొనుక్కొచ్చిన ప్రాజెక్టుతో పాటు చెడిపోయిన ముక్కలు ఏ దుకాణమూ అమ్మదు, కనీసం ఇప్పటికైతే అమ్మడం లేదు. తల్లిదండ్రులు ప్రదర్శనకు వెళ్తే ఫొటో దిగే ముందు ఆ వస్తువును తిరగేసి అడుగు చూడండి, మూత తీసి లోపలి మూలలు చూడండి. ఇది ఎందుకిలా అతికించావు, స్క్రూ ఎందుకు పెట్టలేదు అని మీ పిల్లను అడగండి. నిజంగా తనే చేసి ఉంటే అరగంట దాకా మిమ్మల్ని వదిలిపెట్టదు.