అమ్మకు సినిమా చెప్పడం

రెండేళ్లుగా మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం సినిమా చెప్పుకుంటున్నాం. అమ్మకు నీటికాసులు. ఎడమ కన్ను ముందే పోయింది. కుడి కంటికి మిగిలింది, కిటికీ తెరిచి ఉందో మూసి ఉందో తెలిసేంత వెలుగు. భోజనాలయ్యాక ఆవిడ పడక్కుర్చీలో వాలుతుంది, నేను పక్కనే పీట వేసుకుంటాను. టీవీలో బొమ్మ మొదలవుతుంది. "ఏం జరుగుతోందే?" అంటుంది. చెబుతాను.

మొదట్లో అన్నీ చెప్పేసేదాన్ని. గోడ రంగు, చీర రంగు, ఎవరు ఏ గుమ్మంలోంచి వచ్చారు. తెర మీద వాళ్లు మాట్లాడుతుంటే వాళ్ల మాటల మీదే నా మాట. మూడో వారమనుకుంటా, అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "వాళ్లను మాట్లాడనివ్వవే. వాళ్లు ఊరుకున్నప్పుడు నువ్వు చెప్పు." ఈ పని గురించి నాకు తెలిసిందంతా ఆ రెండు మాటల్లోంచి వచ్చిందే.

సినిమా వినడం ఆవిడకు కొత్త కాదు. పెళ్లయి తెనాలి వచ్చిన కొత్తలో రేడియోలో సంక్షిప్త శబ్ద చిత్రం వచ్చే గంట కోసం పనులన్నీ ముందే ముగించుకునేదట. రెండున్నర గంటల సినిమాను కత్తిరించి, మాటలూ పాటలూ మాత్రం వినిపించేవారు. ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఏ చీర కట్టుకున్నారో వినేవాళ్లే ఊహించుకోవాలి. అలా విన్న సినిమా తర్వాతెప్పుడో హాల్లో చూస్తే, తను అనుకున్న ఇల్లే బాగుందనిపించేదట.

మేం 'మాయాబజార్'తో మొదలుపెట్టాం. 1957లో అది వచ్చేనాటికి అమ్మకు పదేళ్లు. అందుకని ఆ సినిమాకు సగం చోట్ల ఆవిడే చెబుతుంది, నేను చూస్తాను. ఘటోత్కచుడి విందులో లడ్డూలు వాటంతటవే నోట్లోకి ఎగిరి వచ్చే సమయాన్ని సంగీతాన్ని బట్టి ఒక్క క్షణం ముందే పట్టుకుంది. కంబళికి గింబళి, తల్పానికి గిల్పం అన్న పింగళి వారి మాటలు వింటూనే వాటి మీద కాలు పెట్టినవాళ్ల అవస్థ ఆవిడ కళ్ల ముందుకు వచ్చేసింది.

చిక్కు సావిత్రి దగ్గర వచ్చింది. శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడిని చూపించే భారమంతా దర్శకుడు కె.వి.రెడ్డి ఆవిడ మీదే పెట్టారు. ఒళ్లు ఆడపిల్లది, అందులో ఉన్నది ఎస్వీ రంగారావు. "మగాడిలా నడుస్తోందమ్మా" అన్నాను. అది తప్పు అని నాకే తెలిసిపోయింది. సావిత్రి మగాణ్ని అనుకరించలేదు. రంగారావు ఘటోత్కచుడిగా ఎలా నిలబడతాడో, ఎలా గర్విస్తాడో ముందు పట్టుకుని, తర్వాత దాన్ని పరికిణీ ఓణీలో దాచడానికి ప్రయత్నించి, దాచలేకపోయింది. ఆ దాచలేకపోవడమే నటన. పాటలో సుశీల గొంతు నడుస్తుండగా ఘంటసాల గొంతు బయటపడుతుంది చూడండి, అక్కడ నేను నోరు తెరవకముందే అమ్మ నవ్వేసింది. చెవికి అందేదాన్ని నేను ముట్టుకోకూడదు. పెళ్లిపీటల దగ్గర మాత్రం నా అవసరం పడింది. పెళ్లికొడుకు రేలంగి కేక వినిపిస్తుంది, కేకకు కారణం కింద కాలి దగ్గర ఉంటుంది. "కాలు తొక్కింది" అన్నాను, అంతే.

పాట అయ్యాక "భుజాలు ఎలా పెట్టింది సావిత్రి?" అని అడిగింది అమ్మ. నా దగ్గర జవాబు లేదు. వెనక్కి తిప్పి, శబ్దం తీసేసి మళ్లీ చూశాను. ఎన్నిసార్లు చూసిన సినిమానో లెక్క లేదు గానీ, ఆ భుజాలను చూసింది ఆ రోజే.

ఈ సినిమాకు 2010లో రంగులు వేసి విడుదల చేశారు. అమ్మకు నేను నలుపు తెలుపుదే పెడతాను. ఆవిడ గుర్తులో ఉన్నది అదే, రంగు గురించి నేను పలికే ప్రతి మాటా ఆ గుర్తును కొంచెం చెరిపేస్తుంది. నౌకావిహారం పాటకు నేను చెప్పింది ఒక్క మాట. "వెన్నెల." "ఎక్కడ?" "నీళ్ల మీద." మార్కస్ బార్‌ట్లీ కెమెరా పట్టింది అమ్మ లోపల ఇంకా చెదరకుండా ఉంది. నేను దారి చూపిస్తే చాలు.

'సాగర సంగమం' దగ్గర ఓడిపోయాను. తాగిన మనిషి బావి గట్టు మీద నాట్యం చేస్తుంటే ఇళయరాజా పాట వినిపిస్తుంది, కమల్ హాసన్ కాళ్లు వినిపించవు. అడుగు తర్వాత అడుగు చెబుతూ పోతే పాట చచ్చిపోతుంది, ఊరుకుంటే నాట్యం పోతుంది. కానీ ఆహ్వాన పత్రికలో తన ఫొటో చూసుకునే చోట కుదిరింది. "పేజీ తిప్పాడు. ఇంకో పేజీ. తన బొమ్మే ఉంది." అమ్మ కళ్లు తుడుచుకుంది. దర్శకుడు విశ్వనాథ్ గారు అక్కడ తొందరపడలేదు, నాకూ చెప్పడానికి చోటు మిగిలింది.

ఇప్పుడు ఏ సినిమా చూసినా ఆ చోటు కోసమే వెతుకుతున్నాను. ఈ మధ్య వచ్చే పెద్ద సినిమాల్లో చాలావాటికి అది లేదు. నేపథ్య సంగీతం పేర్లతో మొదలై పేర్లతోనే ఆగుతుంది. హీరో ఊరుకున్నా డప్పులు ఊరుకోవు. ఒక మాట దూర్చడానికి సందు ఉండదు, అరగంటకల్లా అమ్మ నిద్రలోకి జారుకుంటుంది. 'కేరాఫ్ కంచరపాలెం' పెట్టిన రోజు మాత్రం కుర్చీలో ముందుకు జరిగి కూర్చుంది. వెంకటేష్ మహా ఎక్కువగా ఆ ఊరి మనుషుల చేతే నటింపజేసిన సినిమా. మా పెద్దమ్మను విజయనగరం ఇచ్చారు, సినిమాలోని ఆ ఉత్తరాంధ్ర యాస అమ్మకు అక్కగారి గొంతు.

సాయంత్రం సీరియళ్లకు నాతో పెద్దగా పని లేదు. 'కార్తీక దీపం' 2017 నుంచి 2023 దాకా నడిచింది. అందులో కథానాయిక దీపకు ఏ రోజు ఏం కష్టం వచ్చిందో అమ్మ నాకు చెప్పేది. చూసే ఇల్లాలు వంటగదిలో ఉంటుందని సీరియల్ రాసేవాళ్లకు తెలుసు, అందుకే జరిగేదంతా మాటల్లో వినిపిస్తారు. దాన్ని చేతకానితనమని నేనూ చాలాసార్లు అన్నాను. ఇప్పుడు అనను. అంతమంది ముఖాల మీదికి కెమెరా వరసగా వెళ్లే చోట "అందరూ ఆమెనే చూస్తున్నారు" అని ఒక్క ముక్క అందిస్తాను.

నేను చేస్తున్న ఈ పనికి ఆడియో డిస్క్రిప్షన్ అని పేరుంది. మాటల మధ్య ఖాళీల్లో ఒక గొంతు దృశ్యాన్ని చెబుతుంది. నెట్‌ఫ్లిక్స్ 2015లో, కళ్లు కనిపించని కథానాయకుడున్న 'డేర్‌డెవిల్'తో దీన్ని మొదలుపెట్టింది. మన దేశంలో 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉంది, సినిమా హాళ్ల కోసం 2024 మార్చిలో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రతి ఆదివారం సినిమా పెట్టేముందు ఆడియో భాషల జాబితా తెరిచి దీనికోసం వెతుకుతాను. మేం పెట్టుకున్న పాత తెలుగు సినిమాల్లో ఒక్కదానికీ అది కనిపించలేదు. పాత రీళ్లకు రంగులు వేయడానికి మనవాళ్లకు చేతులొచ్చాయి. ఒక మంచి గొంతును జోడించడం అంతకంటే కష్టమేమీ కాదు. హరికథలూ బుర్రకథలూ విన్న జాతికి చెప్పేవాళ్లు దొరకరా? అమ్మకు నేనున్నాను. కూతురు పక్కన లేని అమ్మలకు ఆ గొంతు కావాలి. అడిగి మరీ తెచ్చుకోవాల్సింది ఇది.

పోయిన ఆదివారం అమ్మ 'పుష్పక విమానం' పెట్టమంది. సింగీతం శ్రీనివాసరావు 1987లో ఒక్క మాట లేకుండా తీసిన సినిమా. మొత్తం నేనే మాట్లాడాలని గొంతు సవరించుకుని కూర్చున్నాను. అలా జరగలేదు. మాటలు లేవు గానీ అందులో శబ్దం ఎంత ఉందని! లాడ్జి గదిలో సినిమా హాలు గోల మధ్య నిద్రపోవడం అలవాటైన కుర్రాడు పెద్ద హోటల్లో మెత్తటి పరుపు మీద నిద్ర పట్టక దొర్లుతాడు. చివరికి ఆ గోలను టేపు మీద పట్టి తెచ్చుకుని, అది వింటూ పడుకుంటాడు. "హాలు మోత తెచ్చుకున్నాడే!" అంది అమ్మ, నేను చెప్పకముందే.

చివరికి వచ్చాం. నాయిక అమల వెళ్లిపోతూ గులాబీ విసురుతుంది.

"అందుకున్నాడా?"

"గులాబీ అందింది. చిరునామా రాసిన కాగితం గాలికి ఎగిరిపోయింది."

"సరిగ్గా చూశావా?"

వెనక్కి తిప్పి మళ్లీ చూసి, అదే చెప్పాను. తర్వాత ఉద్యోగాల కోసం బారులు తీరిన వరస. "లైన్లో నిలబడ్డాడమ్మా. చేతిలో ఆ గులాబీ ఉంది. ముఖం..."

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "వద్దులే. ఉండనీ."

టీవీలో పేర్లు పడుతున్నాయి. అవి కూడా చదవలేదు.